ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ: పెద్ద చదువు ఏ భాషలో చెప్పాలి?

[దృశ్యం: ఆర్ట్స్ కాలేజీ మెట్లు. కెమెరా మెల్లగా కమాను అంచుదాకా లేస్తుంది.]

వాయిస్: ఈ కమాను కింద నిలబడి ఒక్కసారి తల పైకెత్తి చూడండి. అంతా గులాబీ ఛాయ గ్రానైటు రాయే. స్తంభాలు చూస్తుంటే అజంతా, ఎల్లోరా గుర్తొస్తాయి. కమాను చూస్తుంటే ఏదో పాత మసీదు ముంగిట ఉన్నట్టుంటుంది. దీన్ని కట్టడానికి ముందు అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు దేశదేశాల యూనివర్సిటీలు చూసొచ్చారు. డిజైన్ బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్‌ది. 1934 జులైలో శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ప్రారంభం.

భవనం కంటే ఇక్కడి చదువు వయసే ఎక్కువ.

[దృశ్యం: గన్‌ఫౌండ్రీ వీధుల పాత ఫొటోలు]

వాయిస్: ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఏర్పడింది. మరుసటి ఏడాది గన్‌ఫౌండ్రీ దగ్గరి భవనాల్లో క్లాసులు మొదలయ్యాయి. అప్పటికి మన దేశంలో యూనివర్సిటీ చదువంటే ఇంగ్లిష్ చదువే. పిల్లవాడి తెలివంతా పరాయి భాషను మోయడానికే ఖర్చయిపోతోందని నిజాం ప్రభుత్వంలో పెద్ద అధికారి అక్బర్ హైదరీ నిజాంకు విన్నవించాడు. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒప్పుకున్నాడు. చరిత్ర, తత్వశాస్త్రం, సైన్సు, ఆఖరికి డాక్టరీ కూడా ఉర్దూలో!

మరి పుస్తకాలేవి? అందుకే 1917లోనే అనువాదాల కోసం ఒక సంస్థ పెట్టారు. పేరు దారుల్ తర్జుమా. మౌల్వీ అబ్దుల్ హక్ దాన్ని నడిపించాడు, కవి జోష్ మలీహాబాదీ అందులో పనిచేశాడు. ఒక్కో శాస్త్ర పదానికి ఉర్దూలో మాట పుట్టించాలి. అది పంతులుకు నోరు తిరగాలి, కుర్రవాడికి అర్థం కావాలి. ఆ పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

[దృశ్యం: పాత హైదరాబాద్ సంస్థానం మ్యాప్. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు వేర్వేరు రంగుల్లో.]

వాయిస్: కానీ ఈ మ్యాప్ చూడండి. సంస్థానంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. మరాఠీ, కన్నడ వాళ్లూ లక్షల్లో ఉన్నారు. ఉర్దూ దర్బారు భాష. నల్గొండ పల్లె నుంచి వచ్చిన కుర్రవాడికి అదీ కొత్తగా నేర్చుకోవాల్సిన భాషే. సొంత భాషలో చదువు అన్న గొప్ప ఆలోచన సగం దూరం వచ్చి ఆగిపోయిందని నేననుకుంటాను.

అయినా తెలుగుకు ఒక శాఖ దక్కింది. అక్కడ పాఠం చెప్పింది రాయప్రోలు సుబ్బారావు. అంత పెద్ద కవి ఆ ఉర్దూ యూనివర్సిటీలో తెలుగు క్లాసు నడపడం చిన్న విషయం కాదు.

1938లో ఈ గోడలు ఇంకా లేస్తుండగానే హాస్టళ్లలో వందేమాతరం వినిపించింది. పాడొద్దన్నారు. పిల్లలు వినలేదు. చాలామందిని బయటికి పంపేస్తే వాళ్లకు నాగపూర్ యూనివర్సిటీ చోటిచ్చింది. అలా నాగపూర్ చేరినవాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు.

1948లో సంస్థానం భారతదేశంలో కలిశాక బోధన ఇంగ్లిష్‌లోకి మారింది.

[దృశ్యం: లైబ్రరీ బల్ల. పాత తెలుగు పుస్తకం పేజీలు తిరుగుతుంటాయి.]

వాయిస్: ఆ తర్వాతే ఇక్కడ తెలుగుకు మంచి రోజులొచ్చాయి. ఉర్దూ మీడియంలో చదివిన సి. నారాయణరెడ్డి ఇక్కడే తెలుగు ఎం.ఏ. చేసి, ఇక్కడే ప్రొఫెసరై, 1988లో జ్ఞానపీఠం అందుకున్నాడు. బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద డాక్టరేట్ చేశాడు. నాట్లేస్తూ, తిరగలి తిప్పుతూ ఆడవాళ్లు పాడుకునే పాటలు యూనివర్సిటీ సిద్ధాంత గ్రంథంలోకి ఎక్కాయి. నన్నడిగితే ఆర్ట్స్ కాలేజీ చేయాల్సిన పని అదే. పుస్తకాల్లోకి రాని మనుషుల మాటను చదువులోకి తేవడం.

[దృశ్యం: సాయంత్రం. కాలేజీ ముందు గుంపులు గుంపులుగా విద్యార్థులు.]

వాయిస్: 1969లోనూ, 2009లోనూ తెలంగాణ నినాదం ఈ మెట్ల ముందు మోగింది. ఇప్పుడు ఇదే ఆవరణలో చెట్ల కింద నోట్సు ముందేసుకుని పిల్లలు గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల టెన్షన్‌లో ఉంటారు. మీరు రావాలంటే ఎంఎంటీఎస్ లోకల్ రైలు దారిలో ఆర్ట్స్ కాలేజీ పేరుతోనే స్టేషన్ ఉంది. అక్కడ దిగి, నడుచుకుంటూ వచ్చి, తెలుగు శాఖ ఎటని ఎవరినైనా అడగండి.