ముగ్గురు సుల్తానుల వజీరు: సొకొల్లు మెహమెద్ పాషా

మిత్రులారా,

రక్కసి–తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిన 1565లోనే, ఇస్తాంబుల్‌లో సొకొల్లు మెహమెద్ పాషా ఒట్టోమాన్ (తుర్కీ) సామ్రాజ్యానికి ప్రధాన వజీరు అయ్యాడు. పుట్టింది బోస్నియాలో, ఒక సెర్బు క్రైస్తవ ఇంట. క్రైస్తవ కుటుంబాల మగపిల్లల్ని తీసుకెళ్లి, మతం మార్చి, సైన్యానికీ కొలువుకూ తయారుచేసే ‘దెవ్‌షిర్మె’ పద్ధతి అప్పట్లో ఉండేది. ఇతన్నీ అలాగే తీసుకెళ్లారు. ఇతనెంత ఎదిగినా ఆ పద్ధతి క్రూరమైనదే, ఆ మాట ముందే చెప్పాలి. 1546లో పేరుమోసిన నౌకాధిపతి బార్బరోస్సా చనిపోయాక నౌకాదళాధిపతి అయ్యాడు. తర్వాత సుల్తాను సులేమాన్ మనవరాలు ఇస్మిహాన్‌ను పెళ్లాడాడు.

అతనేమిటో తెలిసేది 1566లో. హంగరీలో సిగెత్వార్ కోట రేపోమాపో పడబోతుండగా, డెబ్బై దాటిన సులేమాన్ గుడారంలోనే కన్నుమూశాడు. వారసుడు సెలీమ్ ఎక్కడో అనటోలియాలో ఉన్నాడు. వార్త పొక్కితే సైన్యం తిరగబడవచ్చు. సొకొల్లు రహస్యంగా సెలీమ్‌కు కబురంపి, సుల్తాను పేరుతోనే ఆజ్ఞలు జారీ చేయించాడు. కోట పడింది. సెలీమ్ బెల్‌గ్రేడ్ చేరేదాకా, దాదాపు ఏడు వారాలు, సామాన్య సైనికుడికి సంగతి తెలియనివ్వలేదు. చిన్న తొందరపాటు చాలు, అతని తల పోయేది.

వెనిస్ చేతిలో ఉన్న సైప్రస్ ద్వీపం మీద యుద్ధం వద్దన్నది కూడా అతనే. సెలీమ్ వినలేదు. 1571లో గ్రీసు తీరాన లెపాంటో దగ్గర, వెనిస్, దాని మిత్రుల చేతిలో ఒట్టోమాన్ నౌకాదళం దాదాపుగా తుడిచిపెట్టుకుపోయింది. ‘నేను ముందే చెప్పాను కదా’ అని కూర్చోలేదు సొకొల్లు. చలికాలమంతా ఓడలు కట్టించాడు. “మేం మీ చెయ్యి నరికాం, మీరు మా గడ్డం గీశారు. చెయ్యి మళ్లీ మొలవదు, గడ్డం ఇంకా ఒత్తుగా వస్తుంది” అని వెనిస్ రాయబారితో అన్నాడని చెబుతారు. చెయ్యి అంటే సైప్రస్, గడ్డం అంటే నౌకాదళం. 1573లో వెనిస్ సైప్రస్‌ను వదులుకుని, 3 లక్షల డ్యూకట్లు (బంగారు నాణేలు) చెల్లించడానికి ఒప్పుకుంది.

రష్యాలోని డాన్, వోల్గా నదుల్ని కలపాలని అతను తలపెట్టిన కాలువ మాత్రం 1569లో మొదలై ఆగిపోయింది. సొంతగడ్డను అతను మరచిపోలేదు. 1557లో పేచ్‌లో సెర్బు చర్చి పీఠం మళ్లీ నిలబడినప్పుడు, దానిమీద కూర్చున్న మకారియె అతని బంధువే. విషెగ్రాద్‌లో ద్రీనా నది మీద శిల్పి సినాన్ చేత 11 కమానుల వంతెన కట్టించాడు. అది నేటికీ ఉంది.

అతను కొలిచిన మూడో సుల్తాను మురాద్ కాలంలో, 1579 అక్టోబరులో, అర్జీ ఇచ్చే నెపంతో వచ్చిన ఒక దర్వేషు (సూఫీ ఫకీరు) అతన్ని కత్తితో పొడిచి చంపాడు. పధ్నాలుగేళ్లు ఒకే మనిషి నిలిచిన ఆ పదవిలో, మురాద్ ఏలినంత కాలం మరెవరూ అన్నేళ్లు నిలవలేదు.