కాలనీ వాట్సాప్ గ్రూపులో పార్టీల గొడవ: అడ్మిన్ ఏం చేయాలి?

(స్క్రీన్ మీద: ఒక అపార్ట్‌మెంట్ గ్రూపు. పేరు కింద "నో పాలిటిక్స్ ప్లీజ్" అన్న లైన్)

నమస్తే. మీ గ్రూపులో కూడా ఈ లైన్ ఉండే ఉంటుంది. ఎన్నికలు దగ్గరపడగానే దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడమూ మీరు చూసే ఉంటారు.

అందులో జనం తప్పు కన్నా రూల్ తప్పే ఎక్కువ. ఎలాగంటారా? "మూడు రోజులుగా మంజీరా నీళ్లు రావట్లేదు" అని ఒకావిడ పెట్టింది. ఇది పాలిటిక్సా, కాదా? కింద ఇంకొకరు "మీవాళ్లు వచ్చాకే ఇలా తయారైంది" అన్నారు. ఇప్పుడు? నీళ్లు, రోడ్డు, డ్రైనేజీ, కరెంటు బిల్లు, వీటిలో ప్రభుత్వంతో పని లేనిది ఒక్కటి చెప్పండి. రాజకీయమే వద్దంటే కాలనీ గ్రూపులో మిగిలేది గుడ్ మార్నింగ్ పూల బొమ్మలే.

అందుకే నా సలహా ఒక్కటే. పాలిటిక్స్‌ని ఆపకండి, ఫార్వర్డ్‌ని ఆపండి.

(స్క్రీన్ మీద: మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు, దగ్గరగా)

ఈ రెండు బాణాలు చూశారా? ఆ మెసేజ్ కనీసం ఐదు చేతులు మారి మీదాకా వచ్చిందని అర్థం. ఇలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా వాట్సాప్ 2020 ఏప్రిల్‌లో పరిమితి పెట్టింది. గ్రూపుల్లో పేచీలు ఎక్కువగా మొదలయ్యేది వీటితోనే. నాయకుడి మీద మార్ఫింగ్ ఫొటో, సగం కత్తిరించిన స్పీచ్, ఏ కులం ఎవరికి ఓటేసిందో లెక్కలు. పంపినాయన రాసింది ఒక్క ముక్క ఉండదు. నిలదీస్తే "నాకొచ్చింది, పెట్టాను" అంటాడు. అదే మాట సొంతంగా టైప్ చేయాలంటే పక్క ఫ్లాట్ ఆయన ముఖం గుర్తొస్తుంది, చేయి కొంచెం తగ్గుతుంది.

కాబట్టి రూల్ ఇలా రాయండి: "ఏ పార్టీ గురించైనా మీ మాటల్లో రాయండి. ఫార్వర్డులు, నాయకులకు వెక్కిరింపు పేర్లు, కులం ప్రస్తావన, 'పచ్చ బ్యాచ్', 'పేటీఎం బ్యాచ్' లాంటివి వద్దు." అంతే. ఆ పేర్లు రూల్‌లో రాయడానికి మొహమాటపడకండి. "మర్యాదగా మాట్లాడండి" అంటే ఎవరి మర్యాద వాళ్లకుంటుంది.

సరే, ఎవరో రూల్ తప్పారు. 2022 నుంచి అడ్మిన్‌కి ఎవరి మెసేజ్ అయినా అందరికీ కనబడకుండా తీసేసే వీలుంది. కానీ తీసేశాక ఆ చోట ఏం కనిపిస్తుందో తెలుసా? ఫలానా అడ్మిన్ డిలీట్ చేశారని మీ పేరుతో సహా ఉంటుంది. ఐదు నిమిషాల్లో "నాది తీశావు, వాళ్లది ఎందుకు ఉంచావు?" అని మొదలవుతుంది. అసలు మెసేజ్ కన్నా ఈ గొడవే పెద్దదవుతుంది.

అందుకే ముందు పర్సనల్‌గా ఒక మెసేజ్ పెట్టండి, కుదిరితే ఫోన్ చేయండి. "అంకుల్, మీరు పెట్టిన వీడియో ఫార్వర్డ్ కదా, తీసేస్తారా? మీ అభిప్రాయం రాయండి, ఎవరూ అడ్డుపడరు." పెద్దాయన్ని అందరి ముందూ అంటే ఆయన మాట వెనక్కి తీసుకోడు, పంతం పడతాడు. వినకపోతే అప్పుడు డిలీట్. కులాన్ని, మతాన్ని తిట్టిన పోస్టుకి మాత్రం ఈ బతిమాలుడు అక్కర్లేదు. వెంటనే తీసేయండి.

ఇక అందరికీ ఉన్న టెన్షన్: "ఎవరో ఏదో పెడితే అడ్మిన్‌ని జైల్లో వేస్తారట కదా?"

(స్క్రీన్ మీద: "2021, బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్. 2022, కేరళ హైకోర్టు")

ఈ రెండు కోర్టులూ చెప్పింది ఏమిటంటే, సభ్యుడు పెట్టిన పోస్టుకి అడ్మిన్ అయినంత మాత్రాన క్రిమినల్ బాధ్యత రాదు. ఇద్దరూ కూడబలుక్కుని చేస్తే వేరే సంగతి. అయితే అడ్మినే స్వయంగా వర్గాల మధ్య ద్వేషం రేపేది పెడితే భారతీయ న్యాయ సంహితలోని 196వ సెక్షన్ ఆయనకీ వర్తిస్తుంది. (అన్నట్టు, మూడు టిక్కులు వస్తే ప్రభుత్వం మీ మెసేజ్ చదివినట్టు అన్న భయం కూడా ఫార్వర్డే. అది అబద్ధం.)

కష్టమైన ప్రశ్న ఇంకోటి ఉంది. అడ్మిన్‌కీ ఒక పార్టీ ఉంటుంది, కాలనీలో అందరికీ అది తెలుసు కూడా. లేనట్టు నటించకండి. అవతలి పార్టీని ఇష్టపడే ఒకరిని రెండో అడ్మిన్‌గా పెట్టుకోండి. మీవైపు వాళ్ల పోస్టు మీరే తీయండి, వాళ్లవైపుది ఆయన్ని తీయమనండి. "పక్షపాతం" అన్న మాట చాలావరకు అక్కడే ఆగుతుంది. ఏ సెట్టింగూ ఇంత పని చేయదని నా నమ్మకం.

చివరగా రెండు తేదీలు గుర్తుపెట్టుకోండి, పోలింగ్, కౌంటింగ్. 2024 మే 13న ఆంధ్రలో అసెంబ్లీకి, రెండు రాష్ట్రాల్లో లోక్‌సభకు పోలింగ్ జరిగింది. పోలింగ్ ముగియడానికి 48 గంటల ముందే ప్రచారం ఆగాలి కాబట్టి 11వ తేదీ సాయంత్రానికి మైకులు మూగబోయాయి. మైకు ఆగితే పని ఫోన్లలోకి వస్తుంది. ఆ రెండు రోజులు ఫార్వర్డ్ రూల్ గట్టిగా పట్టుకోండి.

కౌంటింగ్ రోజు మాత్రం గ్రూప్ పర్మిషన్స్‌లోకి వెళ్లి, సభ్యులు మెసేజ్‌లు పంపే ఆప్షన్ ఆఫ్ చేయండి. అప్పుడు అడ్మిన్లే రాయగలరు. గెలిచినవాళ్ల బాణాసంచా, ఓడినవాళ్ల కోపం ఆ రాత్రి బయటే ఉండనివ్వండి. తాళం ఎందుకు వేశారో, మర్నాడు ఎన్నింటికి తీస్తారో ముందే రాసిపెట్టండి. చెప్పిన టైముకి తీయండి, తీయగానే మీరే వాటర్ ట్యాంకర్ గురించో లిఫ్ట్ రిపేర్ గురించో మొదటి మెసేజ్ వేయండి.

గ్రూపులో పెట్టుకోవడానికి రూల్ నమూనా కింద డిస్క్రిప్షన్‌లో ఉంది. కాపీ చేసుకుని, మీ కాలనీకి తగ్గట్టు మార్చుకోండి.