శాన్ ఆండ్రియాస్ రీమేక్: కొత్త ఆటలో మనకు దక్కనివి

ప్రేక్షకులకు నమస్కారం. మూడు పాత జీటీఏ వీడియో గేములను కొత్త హంగులతో కలిపి 2021 నవంబరు 11న విడుదల చేసిన జీటీఏ ట్రిలజీ డెఫినిటివ్ ఎడిషన్‌లోని శాన్ ఆండ్రియాస్‌ను ఈ వీడియోలో సమీక్షిస్తున్నాను. బొమ్మల నాణ్యత గురించి ఇప్పటికే చాలామంది చెప్పారు కాబట్టి, పాత ఆటలో ఉండి కొత్తదానిలో కనిపించని సదుపాయాల గురించే మాట్లాడతాను.

భీమవరం, పాలకొల్లు, అమలాపురం నెట్ సెంటర్లలో ఈ ఆట ఆడినవారికి యూజర్ ట్రాక్స్ ఫోల్డర్ గుర్తుండే ఉంటుంది. 2005లో వచ్చిన కంప్యూటర్ వెర్షన్‌లో, మై డాక్యుమెంట్స్‌లోని ఆ ఫోల్డర్‌లో మనకు నచ్చిన ఎంపీ3 పాటలు వేసి, ఆడియో సెట్టింగుల్లో ఒకసారి స్కాన్ చేస్తే, కారు ఎక్కగానే మిగతా రేడియో స్టేషన్ల వరుసలో మన స్టేషన్ కూడా వచ్చేది. దాన్ని రేడియో పద్ధతిలో పెట్టుకుంటే పాటకూ పాటకూ మధ్య ఆటలోని ప్రకటనలు కూడా వినిపించేవి. మణిశర్మ పాట ముగియగానే ఆటలోని నగరమైన లాస్ శాంటోస్ ప్రకటన మొదలయ్యేది. ఆ ఊరు మనదే అనిపించేది. కొత్త ఎడిషన్‌లో ఈ సదుపాయం లేదు.

రేడియోలోని అసలు పాటలు కొన్ని పోవడాన్ని నేను అర్థం చేసుకోగలను. పాటల హక్కులను గడువు పెట్టి కొంటారు. ఆ గడువు తీరడంతో 2014లోనే పాత ఆట నుంచి కొన్ని పాటలను అప్‌డేట్ ద్వారా తొలగించారు. కానీ మన కంప్యూటర్‌లో మనం వేసుకునే పాటలకు వాళ్ల లైసెన్సుతో సంబంధమే లేదు. పోయిన పాటల లోటును తీర్చగలిగిన ఒక్క దారిని కూడా మూసేయడం నాకు బాధ కలిగించింది.

ప్లేస్టేషన్ 2లో ఇద్దరు ఒకే తెర మీద కలిసి తిరిగే అవకాశం ఉండేది. ఒకరికొకరు మరీ దూరం వెళ్లలేకపోయినా, రెండో కంట్రోలర్ పట్టుకున్న తమ్ముడికీ ఆటలో చోటుండేది. దాన్ని కూడా తీసేశారు.

ఇక పొగమంచు. ప్లేస్టేషన్ 2లో ఉన్నది 32 ఎంబీ ర్యామ్ మాత్రమే కాబట్టి, మూడు నగరాల మ్యాపును ఒకేసారి చూపలేక, దూరాన్ని మంచుతో కప్పేవారు. ధనుర్మాసం తెల్లవారుజామున గౌతమి గట్టు మీద నిలబడితే ఎదుటి లంక కనిపించక గోదావరి సముద్రమంత అనిపించినట్టే, ఆ మంచు వల్ల శాన్ ఆండ్రియాస్ నిజంగా ఒక రాష్ట్రమంత పెద్దదిగా తోచేది. విడుదల నాటి రీమేక్‌లో ఆ తెర తొలగించడంతో, విమానం ఎక్కి పైకి లేస్తే నగరాలన్నీ పక్కపక్కనే కనిపించి మ్యాపు చిన్నబోయింది. హార్డ్‌వేర్ పరిమితి నుంచి పుట్టినా అది ఆటలో భాగమైపోయిందని తయారీదారులు గుర్తించలేదు. 2024 నవంబరు అప్‌డేట్‌లో పాత తరహా వెలుతురును తిరిగి చేర్చారు. దానివల్ల ఈ లోపం చాలావరకు తగ్గింది.

అన్నిటికంటే పెద్ద తప్పు, రీమేక్ రాకముందే పాత వెర్షన్లను డిజిటల్ స్టోర్ల నుంచి ఉపసంహరించడం. విమర్శలు వెల్లువెత్తాక ఈ ఆటల సంస్థ రాక్‌స్టార్ క్షమాపణ చెప్పి, పాత కంప్యూటర్ వెర్షన్లను తన స్టోర్‌లో మళ్లీ అందుబాటులోకి తెచ్చింది. పలువురు కలిసి ఆడుకునేలా ఆటను మార్చే, అభిమానులు తయారుచేసిన మల్టీప్లేయర్ మోడ్లు పనిచేసేది ఆ పాత ఆటలోనే.

ఈ ఆటను మొదటిసారి ఆడబోయేవారు డెఫినిటివ్ ఎడిషన్‌ను తగ్గింపు ధరకు వచ్చినప్పుడు కొనుక్కోవచ్చు. పాత డిస్కు ఇంట్లో ఉన్నవారికి మాత్రం దీన్ని కొనమని నేను చెప్పలేను.