గొంతు ఎవరిది: పాట వదిలి పదవికి వెళ్లినవాళ్లపై కడప స్టూడియోలో చర్చ

(కడపలోని ఒక స్థానిక చానల్ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. ప్రొద్దుటూరు వైపు నుంచి ఒక జానపద గాయని, కడపలో రాజనీతి శాస్త్రం చెప్పే అధ్యాపకుడు, అనంతపురంలో పనిచేసే పాత్రికేయుడు పాల్గొన్నారు.)

సంధానకర్త: అందరికీ నమస్కారం. 2025 నవంబర్‌లో బిహార్ ఎన్నికల్లో గాయని మైథిలీ ఠాకూర్ అలీనగర్ నుంచి గెలిచారు. శాసనసభకు పోటీ చేయాలంటే కనీసం 25 ఏళ్లు ఉండాలి. ఆమె వయసు అప్పటికి సరిగ్గా అంతే. అమ్మా, మీ దగ్గరికీ పార్టీలవాళ్లు వస్తుంటారు కదా. పాడేవాళ్లు రాజకీయాల్లోకి వెళ్లడం గురించి మీరేమంటారు?

గాయని: పోవాలమ్మా. ఎందుకు పోకూడదు? డాక్టరు పోతాడు, లాయరు పోతాడు, కాంట్రాక్టరు పోతాడు. వాళ్లనెవరూ ఏమీ అనరు. పాడేవాళ్లు పోతామంటే మాత్రం నీకెందుకు, పాట పాడుకో అంటారు. మా పల్లెల్లో చెక్కభజన నేర్పే గురువులు ఉన్నారు. రాత్రంతా పిల్లలకు అడుగులు నేర్పించి, తెల్లారితే కూలికి పోతారు. వాళ్ల పింఛను గురించి సభలో లేచి అడిగేదెవరు? ఆ బతుకు తెలిసినవాళ్లు ఒక్కరన్నా అక్కడ ఉండాల.

పాత్రికేయుడు: వెళ్లడం తప్పని నేనూ అనను అమ్మా. ఎందుకు పిలుస్తున్నారో చూడమంటాను. ఎన్నికలొస్తే ప్రతి పార్టీకీ పాటలు కావాలి. మన జానపద బాణీ తీసుకుని, అందులో నాయకుడి పేరు పెట్టి, ప్రచార రథం మీద మోగిస్తారు. ఆ పాటకు జనం పోగవుతారు. పాడినవాళ్లలో ఒకరిద్దరికి కండువా కప్పుతారు. ఇక టికెట్ మాటకొస్తే, శాసనసభ అభ్యర్థి ఖర్చుకు ఎన్నికల సంఘం పెట్టిన పరిమితే 40 లక్షలు. గాయకుడి దగ్గర అంత డబ్బు ఎక్కడిది? పార్టీ పెట్టాలి, లేదా పార్టీ వెనకున్న పెద్దమనిషి పెట్టాలి. గెలిచాక ఆ పెద్దమనిషి భూముల మీద పాట కట్టగలడా?

అధ్యాపకుడు: డబ్బు కట్టు ఒకటి. విప్ కట్టు ఇంకొకటి. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూల్ చేరింది. పార్టీ విప్‌ను, అంటే ఫలానా విధంగా ఓటేయమన్న పార్టీ ఆదేశాన్ని, కాదని ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. వేదిక మీద ఎవరినైనా నిలదీసిన మనిషి, సభలో తనకు నచ్చని బిల్లుకు కూడా చెయ్యెత్తాల్సి వస్తుంది. మన దగ్గరే కాదు, ఆస్ట్రేలియాలోనూ ఇదే జరిగింది. పీటర్ గారెట్ అని మిడ్‌నైట్ ఆయిల్ బ్యాండ్ గాయకుడు. యురేనియం గనులకు వ్యతిరేకంగా, ఆదివాసుల భూమి కోసం ఏళ్ల తరబడి పాడాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో ఆ బ్యాండ్ వాళ్లు ఆదివాసులకు క్షమాపణ చెబుతూ 'సారీ' అని రాసిన నల్ల దుస్తులతో పాడారు. ప్రధానమంత్రి అప్పటికి క్షమాపణ చెప్పనని కూర్చున్నాడు. ప్రపంచమంతా చూస్తుండగా ఆ మాట పాటగాళ్లు చెప్పారు. అంతటి మనిషి 2004లో లేబర్ పార్టీ తరఫున ఎంపీ అయ్యాడు, 2007లో పర్యావరణ మంత్రి అయ్యాడు. కొత్త యురేనియం గనులు వద్దన్న పాత విధానాన్ని పార్టీ అదే ఏడాది వదిలేసింది. పార్టీ సమావేశంలో ఆయన వద్దనే అన్నాడు, ఓడిపోయాడు. 2009లో దక్షిణ ఆస్ట్రేలియాలోని ఫోర్ మైల్ యురేనియం గనికి అనుమతి ఇచ్చింది మంత్రిగా ఆయనే.

గాయని: అయ్యో. ఆయన సంతకమేనా సార్?

అధ్యాపకుడు: ఆయన శాఖదే అమ్మా. మంత్రివర్గం నిర్ణయం నచ్చకపోతే రాజీనామా చేయాలి, ఉంటే మోయాలి. ఆయన ఉన్నాడు. 2013 దాకా మంత్రిగానే ఉండి తప్పుకున్నాడు. 2017లో మళ్లీ బ్యాండుతో వేదికెక్కాడు.

గాయని: మన తుమ్మలపల్లె గుర్తుకొస్తోంది సార్. యురేనియం అంటే మన వేముల మండలంలో ఇంటింటికీ తెలిసిన మాట. బోరు నీళ్లు పాడైనాయని రైతులు చెబుతూనే ఉన్నారు. రేపు నేను ఎమ్మెల్యే అయి, మా పార్టీ నోరు మూసుకోమంటే ఆ ఊరికి ఏ మొహంతో పోయి పాడేది?

సంధానకర్త: ఇందాక పోవాలన్నారు కదమ్మా!

గాయని: పోవాలనే అంటున్నా తల్లీ. పోయి ఎట్లుండాలో అడుగుతున్నా.

పాత్రికేయుడు: దానికి గాయకుడు జిల్బెర్టో జిల్ మంచి ఉదాహరణ. బ్రెజిల్‌లో సైనిక పాలన 1968 చివర్లో ఆయన్ని జైల్లో పెట్టింది, తర్వాత లండన్ ప్రవాసానికి పంపింది. 2003లో అధ్యక్షుడు లూలా ప్రభుత్వంలో సంస్కృతి మంత్రి అయ్యాడు. కచేరీలు మాత్రం మానలేదు. ఆ ఏడాదే ఐక్యరాజ్య సమితి సభామందిరంలో ఆయన పాడుతుంటే ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ పక్కన డ్రమ్ము వాయించాడు. అందరికీ ఆ ఫొటోనే గుర్తు. నాకైతే ఆయన మొదలుపెట్టిన 'సంస్కృతి కేంద్రాలు' పెద్ద పని. పేటల్లో, పల్లెల్లో అప్పటికే ఆడిపాడుతున్న బృందాలను వెతికి, వాళ్లకు నేరుగా డబ్బు, పరికరాలు ఇచ్చారు. కొత్తగా భవనం కట్టి రిబ్బన్ కత్తిరించే పథకం కాదది. 2008లో పదవి వదిలి మళ్లీ పాటకు వెళ్లిపోయాడు.

గాయని: ఇది నాకు నచ్చింది అన్నా. మా గురువులకు కావాల్సిందీ అదే. గజ్జెలు, చెక్కలు, పిల్లలకు నేర్పినందుకు నెలకింత. ఆ పని తెలిసినవాడు కాబట్టి ఆ శాఖే తీసుకున్నాడు.

అధ్యాపకుడు: మన తెలుగువాళ్లలోనూ రెండు దారులూ ఉన్నాయి. ఘంటసాల గారు క్విట్ ఇండియా ఉద్యమంలో బళ్లారి ఆలీపూర్ జైలుకు వెళ్లారు. స్వాతంత్ర్యం వచ్చాక పదవి వైపు చూడలేదు. గద్దర్ గారు దశాబ్దాల పాటు ఎన్నికల బహిష్కరణ వైపు నిలిచి, 2018లో తొలిసారి ఓటేశారు. అటు రసమయి బాలకిషన్ 2014లో, 2018లో మానకొండూరు ఎమ్మెల్యేగా గెలిచారు. గోరటి వెంకన్న 2020లో గవర్నర్ కోటాలో ఎమ్మెల్సీ అయ్యారు. తెలంగాణలో ఉద్యమాన్ని ఊరూరా తీసుకెళ్లింది పాటే కాబట్టి పాటగాళ్లకు ఆ తలుపు తెరుచుకుంది. మన సీమలో కరువు మీద, నీళ్ల మీద అంత పాట ఉన్నా, ఆ తలుపు తెరుచుకోలేదు.

సంధానకర్త: ఒక ఫోన్ కాల్ ఉంది. చెప్పండి.

ప్రేక్షకుడు (ఆదోని నుంచి): నమస్తే మేడమ్. నేను పల్లెపాటలు పాడతాను. ఒక పార్టీవాళ్లు ప్రచార పాటలు పాడమంటున్నారు, తర్వాత ఏదో ఒక పదవి ఇస్తామంటున్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్. పాడమంటారా?

గాయని: పాడు నాయనా, తిండి కోసం పాడితే తప్పు లేదు. నేనూ పాడినా. డబ్బులు ముందే తీసుకో. 'తర్వాత పదవి' అనే మాటకు మాత్రం పాడొద్దు. ఇంకొకటి, మీ అవ్వ దగ్గర నేర్చుకున్న పాటలో నాయకుడి పేరు పెట్టి ఇవ్వొద్దు. కొత్త బాణీ కట్టి ఇయ్యి. లేదంటే ఎన్నికలు అయిపోయినాక పిల్లలకు ఆ పాత పాట నాయకుడి పేరుతోనే గుర్తుండిపోతుంది. నేను చూసినా కాబట్టి చెబుతున్నా.

పాత్రికేయుడు: అన్ని చోట్లా ఇంత నెమ్మదిగా ఉండదు. ఉగాండాలో గాయకుడు బాబీ వైన్ 2017లో ఎంపీ అయ్యాక ఆయన కచేరీలను పోలీసులు అడ్డుకుంటూ వచ్చారు. 2018లో ఎన్నికల ప్రచారంలో ఆయన డ్రైవర్‌ను కాల్చి చంపారు. ఆయన్ని అరెస్టు చేశారు. అయినా 2021లో అధ్యక్షుడు ముసెవేని మీద పోటీకి దిగాడు, అధికారిక లెక్కల్లోనే సుమారు 35 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. పాట వల్ల వచ్చిన పేరును పదవికి అమ్ముకున్నాడని ఆయన్ని అనగలమా? నేను అనలేను.

అధ్యాపకుడు: ఆయన అధికారానికి ఎదురుగా వెళ్లాడు. తేడా అక్కడుంది. ఇక మన గాయని గారి ప్రశ్నకు వస్తాను. ఎన్నికల ఖర్చు లేకుండా సభలోకి వెళ్లే దారి ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ శాసన మండలిలో 58 స్థానాలుంటే 8 గవర్నర్ నామినేట్ చేసేవి. సాహిత్యం, విజ్ఞానం, కళ, సహకార ఉద్యమం, సమాజ సేవ తెలిసినవాళ్ల కోసమని రాజ్యాంగం 171వ అధికరణం చెబుతోంది. పేర్లు పంపేది ప్రభుత్వమే కాబట్టి అవీ పార్టీ మనుషులకే పోతుంటాయి. కళ అన్న మాట మాత్రం అక్కడ స్పష్టంగా రాసి ఉంది. అడిగే హక్కు మనకుంది.

సంధానకర్త: అమ్మా, ఈసారి కండువా తెస్తే ఏం చేస్తారు?

గాయని: వద్దంటా. నాకు మండలి కూడా వద్దు, ఇంకా పాడాలి. ఆ ఎనిమిదిట్లో ఒక్కటి సీమ చెక్కభజన గురువుకు ఇమ్మని మాత్రం రాసిపెడతా. మా ఊళ్లల్లో తిరిగి సంతకాలు తీసుకుంటా. సార్, అర్జీ ఎట్లా రాయాలో మీరు చెప్పండి.

అధ్యాపకుడు: తప్పకుండా అమ్మా. రేపే కూర్చుందాం.