తాకితే మారే కవిత: చదవడం ఎలా, రాయడం ఎలా

[స్క్రీన్ మీద: పాదానికో చీలికగా పేజీలు కత్తిరించిన పుస్తకం]

నమస్తే. 1961లో రేమోఁ కెనో అనే ఫ్రెంచి రచయిత ఒక పుస్తకం వేశాడు. అందులో ఉన్నవి 10 సానెట్లే, అంటే ఒక్కోటి 14 పాదాల పద్యం. కానీ ఏ పాదాన్నైనా విడిగా తిప్పుకోవచ్చు. ఎలా కలిపినా ప్రాస కుదురుతుంది. లెక్కేస్తే కోటి కోట్ల కవితలు! నిమిషానికొకటి చొప్పున నిద్ర మానేసి చదివినా 19 కోట్ల ఏళ్లు పడుతుంది. ఇందులో కంప్యూటర్ ఊసే లేదు.

ఎదుటివాళ్లు చెయ్యేస్తేగానీ నడవని కవిత్వం మనకేం కొత్త? అవధానంలో నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడుతూనే ఉంటాడుగా.

[స్క్రీన్ మీద: కిందనుంచి పైకి జరిగిపోతున్న పాదాలు]

ఇది నిక్ మాంట్‌ఫర్ట్ అనే అమెరికన్ కవి 2009లో రాసిన ‘టరోకో గోర్జ్’. తైవాన్‌లోని ఒక లోయ మీద కవిత. బ్రౌజర్లో తెరిస్తే పాదాలు పుడుతూనే ఉంటాయి, మనం ఆపేదాకా ఆగవు. మొదటినుంచి చివరిదాకా చదువుదామంటే కుదరదు. కాసేపు చూడండి, ఏ మాటలు తిరిగి వస్తున్నాయో పట్టుకోండి. తర్వాత రైట్ క్లిక్ కొట్టి పేజీ సోర్స్, అంటే ఆ పేజీ వెనకున్న కోడు తెరవండి. కొద్దిపాటి మాటలు, చిన్న కోడు, అంతే. ఏ మాట ఉంచాడు, ఏది వదిలేశాడు అన్నదే అసలు రచన. చాలామంది ఆ కోడు తీసుకుని, మాటలు మార్చి, సొంత కవితలు చేసుకున్నారు.

[స్క్రీన్ మీద: మూడు జాబితాలు]

తెలుగులో చేద్దామా? చోటు, ఎవరు, ఏం చేస్తోంది అని మూడు జాబితాలు. కోడు ఒక్కోదాన్నుంచి ఒక్కో మాట తీసి పాదం కడుతుంది. ఇక్కడే తిరకాసు. ‘ఇల్లు’ అని రాసి కోడుతో ‘లో’ తగిలిస్తే ‘ఇల్లులో’ వస్తుంది, చెవికి గుచ్చుకుంటుంది. అందుకే జాబితాలోనే ‘ఇంట్లో’, ‘ఊళ్లో’, ‘చెరువుగట్టున’ అని పెట్టేయండి. రెండో జాబితాలో ‘నాన్న’ను చేర్చారో, ‘నాన్న ఎదురుచూస్తోంది’ అని నవ్వులపాలవుతాం. అమ్మమ్మ, గాలి, పాత రేడియో అయితే ఇబ్బంది లేదు.

[స్క్రీన్ మీద: ‘ఇంట్లో అమ్మమ్మ ఎదురుచూస్తోంది’. వేలు ‘అమ్మమ్మ’ను తాకుతుంది]

ఇప్పుడు ‘అమ్మమ్మ’ను తాకితే అక్కడ ‘ఖాళీ కుర్చీ’ వస్తుంది. మళ్లీ ఎంత నొక్కినా అమ్మమ్మ రాదు. నా మటుకు ఈ కవితలో గట్టి పాదం అదే, ఆ రాకపోవడం. రంగులు మారడం, అక్షరాలు ఎగరడం లాంటి హంగులు ఎన్నయినా చేయొచ్చు. పాఠకుడు నొక్కినందుకు అర్థం కదలకపోతే ఆ బటన్ దండగ.

ఒక్క జాగ్రత్త. అక్షరం అక్షరం టైప్ అవుతున్నట్టు చూపించాలనుకుంటే, కంప్యూటర్‌కి ‘క్షీ’ ఒక్క అక్షరం కాదు. క, పొల్లు, ష, గుడిదీర్ఘం అని నాలుగు ముక్కలు. తెర మీద ముందు క, తర్వాత క్, ఆపైన క్ష వచ్చి వికారంగా ఉంటుంది. అందుకని పదం పదంగా చూపించండి. ఫైల్ యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు చెడకుండా దాచే పద్ధతి) సేవ్ చేసి, ముందు మీ ఫోన్లోనే తెరిచి చూసుకోండి.