పలకరాళ్ళ వేడికి పండిన ఎర్రవైన్

సభలో ఉన్న అందరికీ నమస్కారం.

జర్మనీ వైన్ అనగానే మనలో చాలామందికి తెల్లవైన్, అందులోనూ రీస్లింగ్ గుర్తుకొస్తుంది. ఈ సాయంత్రం నేను ఒక ఎర్రవైన్ గురించి చెబుతాను. దాని పేరు ష్పేట్‌బుర్గుండర్. ఫ్రాన్స్‌లో పినో న్వార్ అని పిలిచే ద్రాక్షకే జర్మన్లు పెట్టుకున్న పేరిది. ‘ష్పేట్’ అంటే ఆలస్యం. ఆలస్యంగా పండే బర్గండీ ద్రాక్ష అన్నమాట. దీన్ని ఎక్కువగా పండించే దేశాల్లో ఫ్రాన్స్, అమెరికాల తర్వాత జర్మనీదే మూడో స్థానం.

విస్తీర్ణంలో దక్షిణాన ఉన్న బాడెన్ ప్రాంతానిదే పైచేయి. నాకు మాత్రం ష్పేట్‌బుర్గుండర్ అంటే ఆర్ లోయే. ఐఫెల్ కొండల్లో పుట్టి, బాన్ నగరానికి దక్షిణాన రైన్ నదిలో కలిసే చిన్న నది ఆర్. ఆ లోయలో ఉన్న ద్రాక్షతోటలన్నీ కలిపినా 550 హెక్టార్ల చుట్టుపక్కలే. అందులో నాలుగు వంతుల్లో మూడు వంతులకు పైగా ఎర్రద్రాక్షే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ లోయ 50 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కూడా పైన ఉంది. ఎర్రద్రాక్ష పండటానికి వేడి కావాలి కదా, అంత చలిప్రాంతంలో ఎలా పండుతుంది? జవాబు రాళ్ళలో ఉంది. లోయలోని వాల్‌పోర్ట్స్‌హైమ్ అనే ఊరు దాటి పైకి వెళ్ళేకొద్దీ లోయ ఇరుకవుతుంది, కొండవాలు నిటారుగా లేస్తుంది. నేలంతా నల్లని పలకరాయి. పగలంతా ఎండను తాగిన ఆ రాయి రాత్రి ఆ వేడిని తీగలకు తిరిగి ఇస్తుంది. ఒక అక్టోబరు సాయంత్రం అక్కడి రాతికట్టు మీద చెయ్యి పెట్టి చూశాను. సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళి చాలాసేపయింది, గాలి చలిగా ఉంది, రాయి మాత్రం గోరువెచ్చగానే ఉంది. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి తరతరాల వాళ్ళు కట్టిన గట్లవి. చాలా వాలుల మీదకు ట్రాక్టరు ఎక్కలేదు. కత్తిరింపు, కోత అన్నీ చేతిపనే.

ఇంత కష్టపడినా ఒకప్పుడు ఆ రైతులకు కడుపు నిండేది కాదు. అందుకే 1868లో ఆ లోయలోని మైషోస్ గ్రామంలో 18 మంది రైతులు కలిసి సహకార సంఘం పెట్టుకున్నారు. ప్రపంచంలోని ద్రాక్షరైతుల సహకార సంఘాల్లో అతి పాతదిగా దాన్ని చెబుతారు. నా దృష్టిలో ఈ వైన్ చరిత్రలో రాజుల కథల కంటే ఇదే పెద్ద విషయం.

రుచి సంగతికి వస్తాను. గ్లాసులో దీని రంగు పలచగా, పండిన చెర్రీ రసంలా ఉంటుంది. దయచేసి రంగు చూసి తక్కువ అంచనా వేయకండి. ఈ ద్రాక్ష తొక్కే పలచన. అందుకే వగరు తక్కువ, పులుపు చురుగ్గా తెలుస్తుంది. ముందు చెర్రీ, కోరిందపండ్ల వాసన, వెనుక తడిసిన అడవినేల వాసన, కాస్త పొగ. మరీ వెచ్చగా తాగితే ఇవన్నీ పోయి సారా ఘాటే మిగులుతుంది. 16 డిగ్రీల దగ్గర బాగుంటుంది. వేసవిలో సీసాను అరగంట ఫ్రిజ్‌లో పెడితే చాలు.

దీనికి తోడు ఆ ప్రాంతపు వంటే, జవర్‌బ్రాటెన్. మాంసాన్ని వెనిగర్, ఉల్లిపాయ, లవంగం, బిర్యానీ ఆకు కలిపిన నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, సన్నని సెగ మీద ఉడికిస్తారు. రైన్ తీరం వాళ్ళు ఆ పులుసులో ఎండుద్రాక్ష వేస్తారు, మసాలా బిస్కట్లు నలిపి చిక్కబరుస్తారు. పులుపూ తీపీ కలిసిన ఆ పులుసు మన నాలుకకు కొత్తేమీ కాదు. పుల్లని కూర పక్కన పులుపు లేని వైన్ చప్పబడిపోతుంది. ష్పేట్‌బుర్గుండర్‌కు తన పులుపు తనకుంది కాబట్టి నిలబడుతుంది. ఐఫెల్ అడవుల జింక మాంసం, పుట్టగొడుగులు కూడా దీనికి సరిజోడే.

మన వంటలతో ఎలా అని మీరు అడుగుతారు. ఎండుకారం దట్టించిన కూరలతో వద్దు, కారం వైన్‌ను మింగేస్తుంది. మిరియాలతో చేసిన మాంసం వేపుడు, పుట్టగొడుగుల పలావు బాగా కుదురుతాయి.

చివరగా ఈ బల్ల మీదున్న సీసా చూడండి. దీనికి అంటుకున్న బురద 2021 జులై 14 రాత్రిది. ఆ రాత్రి ఆర్ నది పొంగి లోయలో 130 మందికి పైగా ప్రాణాలు తీసింది. వైన్ గిడ్డంగులు మునిగాయి, పీపాలు కొట్టుకుపోయాయి. బురదలోంచి తీసిన సీసాలను కడగకుండా అలాగే ఇచ్చి విరాళాలు సేకరిస్తే 40 లక్షల యూరోలకు పైగా వచ్చాయి. వాలు మీదున్న తోటలు చాలావరకు మిగిలాయి. ఆ శరదృతువులో ఇతర ప్రాంతాల ద్రాక్షరైతులు వచ్చి చేయి కలిపారు, పంట ఇంటికి చేరింది.

ఈ బురద సీసాను నేను తెరవను. మీ గ్లాసుల్లో పోసింది మాత్రం ఆ 2021 పంటే. ముందు వాసన చూడండి.