మాస్టారి ఫొటోలు ఎక్కడికి పోయాయి?

శ్రోతలకు నమస్కారం.

మా పక్కింటి మాస్టారు రిటైరై చాలా ఏళ్లయింది. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, మనవరాలి ఫొటోలు మెయిల్లోనే పంపిస్తాడు. ఒకరోజు పొద్దున్నే మాస్టారు ఫోన్ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. "అమ్మా, నిన్న సాయంత్రం ఇందులో చూసిన ఫొటోలు ఇప్పుడు ఒక్కటీ లేవు. నేనేదైనా నొక్కేశానంటావా?" అన్నారు. రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోలేదట.

ఆయన ఏమీ నొక్కలేదు. ముందు రోజు ఒక కుర్రాడొచ్చి ఆయన కంప్యూటర్లో మెయిల్ ప్రోగ్రామ్ పెట్టి వెళ్లాడు. అడిగినచోటల్లా ఓకే కొట్టుకుంటూ పోయాడట. తెరిచి చూశాను. ఖాతా రకం దగ్గర 'పాప్' అని ఉంది. కింద, మెయిళ్ల కాపీ సర్వర్లో, అంటే మన మెయిళ్లు వచ్చి చేరే మెయిల్ కంపెనీ కంప్యూటర్లో, ఉంచాలా అని అడిగే చిన్న గడి. అందులో టిక్కు లేదు. రాత్రి కంప్యూటర్ వేయగానే ఆ ప్రోగ్రామ్ మెయిళ్లన్నీ దింపుకుని, సర్వర్లో ఉన్నవి చెరిపేసింది. ఫోన్ చూసేది ఆ సర్వర్నే.

మెయిల్ తెచ్చుకునే పద్ధతులు రెండు. ఒకటి పాప్, అంటే పోస్ట్ ఆఫీస్ ప్రోటోకాల్. పేరులోనే పోస్టాఫీసు ఉంది. ఉత్తరం మన చేతికిచ్చాక పోస్టాఫీసులో ఏమీ మిగలదు కదా, ఇదీ అంతే. ఇంటర్నెట్‌కి నిమిషాల లెక్కన డబ్బు కట్టిన రోజుల్లో, ఇంటికొక కంప్యూటర్ ఉన్న రోజుల్లో అది సరిపోయింది. రెండోది ఐమాప్. అందులో ఉత్తరం సర్వర్లోనే ఉంటుంది, ఫోన్లోంచైనా కంప్యూటర్లోంచైనా వెళ్లి చూసుకుంటాం. ఇదేమీ నిన్నమొన్నటిది కాదు. 1986లోనే స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ తయారుచేశారు.

తెలిసినవాళ్లు సెట్టింగ్ మార్చుకుంటారు. తెలియనివాళ్లు మార్చరు, ముందే ఏది పెట్టి ఉంటే అదే వాళ్లకి ఖాయం. అందుకే ఆ ముందే పెట్టేది, ఏదీ పోగొట్టనిదై ఉండాలని నా పట్టుదల. ఏదీ పోగొట్టకూడదు.

ఇంట్లో పెద్దవాళ్లకి మెయిల్ పెట్టిచ్చే పిల్లలకి ఒక్క అంకె చెబుతాను. 993. తొమ్మిది, తొమ్మిది, మూడు. ఐమాప్‌కి, దారిలో ఎవరూ చదవకుండా రహస్యంగా వెళ్లే పోర్టు, అంటే సర్వర్లోకి వెళ్లే తలుపు నంబరు, అది. పక్కన, ఆ రహస్యానికి గుర్తుగా ఎస్‌ఎస్‌ఎల్ అనో టీఎల్‌ఎస్ అనో ఉందో లేదో చూడండి. పంపే మెయిళ్లకి 465 గానీ 587 గానీ ఉంటుంది. ఇంకొక్క మాట కూడా వాళ్లకి చెప్పి లేవండి: ఐమాప్‌లో ఫోన్లో చెరిపితే కంప్యూటర్లోనూ పోతుంది.

మాస్టారి కంప్యూటర్లో అదే ఖాతాని ఐమాప్‌గా మళ్లీ చేర్చాను. పాత పెట్టెలో ఉన్న మెయిళ్లని పట్టి కొత్త ఇన్‌బాక్స్‌లోకి లాగాను. అవి మెల్లగా సర్వర్‌కి ఎక్కుతుంటే మాస్టారు పక్కనే కుర్చీలో, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. ముందు కరెంటు బిల్లు వచ్చింది. తర్వాత బ్యాంకు మెయిల్. ఆ తర్వాత, కొత్త సైకిలెక్కిన మనవరాలు.